అంకిత కనిపించే ఎత్తు

రోజూ పొద్దున్న దమయంతి మనవరాలికి జడ వేస్తూ కిటికీలోంచి పార్కింగ్ లాట్‌లోకి చూస్తుంది. అక్కడ అల్లుడు కౌశిక్ తన పికప్ ట్రక్కులో కూర్చుని ఉంటాడు. ఆఫీసుకి ఇంకా బోలెడు టైముంటుంది. అయినా ఇంజన్ ఆన్ చేసుకుని, కాఫీ మగ్గు స్టీరింగ్‌కి ఆనించుకుని, గరాజ్ కప్పుల మీదుగా పడమటి వైపు చూస్తూ ఉంటాడు. కాఫీ చల్లారిపోతుంది. స్కూల్ బస్సు వస్తుంది. వేద బస్సెక్కే ముందు ట్రక్కు వైపు చెయ్యి ఊపుతుంది. అంత ఎత్తున కూర్చుని ఎక్కడికో చూసే మనిషికి కింద ఆరేళ్ళ పిల్ల చెయ్యి ఏం కనిపిస్తుంది! బస్సు వెళ్ళిపోతుంది.

కాసేపటికి ఖాళీ మగ్గు ఇవ్వడానికి కౌశిక్ మేడెక్కి వస్తాడు. దమయంతి గుమ్మంలోనే పట్టుకుంటుంది.

“కనిపించిందా బాబూ?”

“ఆఁ, కనిపించింది అత్తయ్యా.”

“ఏం వేసుకుంది?”

“అదే. ఆరెంజ్ స్వెటర్.”

“కాళ్ళకి చెప్పులున్నాయా?”

“అంత దూరం నుంచి తెలీట్లేదండీ.”

అంతకు మించి ఒక్క ముక్క రాదు. దమయంతి తెనాలి డిపోలో కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. చిల్లర లేదని బిగుసుకుపోయిన ప్యాసింజర్ల జేబుల్లోంచి చిల్లర రాబట్టింది గానీ, ఈ అల్లుడి నోట్లోంచి నాలుగు మాటలు రాబట్టడం మాత్రం ఆవిడ వల్ల కాలేదు.

అంకిత దమయంతికి ఒక్కగానొక్క కూతురు. కిందటి చలికాలం, అమెరికాలో ఈ పార్సిప్పనీ అపార్ట్‌మెంట్లోనే, పొంగుతున్న పాలు చూసి స్టవ్ కట్టెయ్యబోతూ పడిపోయింది. మళ్ళీ లేవలేదు. తల్లో నరం చిట్లిందన్నారు. దమయంతి చేతికి వీసా వచ్చేసరికి ఇక్కడ అన్నీ అయిపోయాయి. కూతురి అంత్యక్రియలు ఆవిడ తెనాలిలో పక్కింటివాళ్ళ ఫోన్లో చూసింది. మొహం మీద గుడ్డ తొలగించేవేళకి సిగ్నల్ పోయి బొమ్మ ఆగిపోయింది. ఎవరిదో నల్ల కోటు భుజం ఒకటి తెర నిండా అలాగే నిలబడిపోయింది. పక్కింటివాళ్ళు ఫోన్ ఎంత తట్టినా ఆ భుజం పక్కకి జరగలేదు. తొమ్మిది నెలలు మోసి కన్న పిల్ల మొహం ఆఖరిసారి చూసుకోలేకపోయానన్న బాధ దమయంతికి అన్నం ముందు కూర్చున్నా పోదు, దేవుడి ముందు కూర్చున్నా పోదు.

కౌశిక్ ఆ ట్రక్కు కొన్నది భార్య పోయిన తరవాతే. ఎందుకు కొన్నావంటే చెప్పలేడు. దాన్ని ఎత్తు పెంచమన్నది మాత్రం పక్క బ్లాకులో ఉండే అవినాష్. వరంగల్ కుర్రాడు, కౌశిక్‌తో కలిసి పనిచేస్తాడు, శని ఆదివారాలు ట్రక్కు కింద దూరి గడుపుతాడు.

“చిన్నగ లేపుదాం అన్నా. స్ప్రింగుల మీద స్పేసర్లు పెడితే అయిపాయె. వదిన పోయి ఎక్కువ రోజులు కాలే గద, దగ్గర్లనే ఉంటది. మా బాపుకైతే నేను మొత్తం సస్పెన్షనే మార్పియ్యాల్సి వచ్చింది,” అన్నాడు.

పోయినవాళ్ళు నడుచుకుంటూ వెళ్తారనీ, బండి ఎత్తు పెంచుకుంటే వాళ్ళు కనిపిస్తారనీ ఆ కాంప్లెక్సులో అందరికీ తెలిసిందే. ఏ స్టోర్లో కరివేపాకు తాజాగా దొరుకుతుందో చెప్పుకున్నంత మామూలుగా చెప్పుకుంటారు. పోయినవాళ్ళు రోజురోజుకీ దూరమవుతూ ఉంటారు కాబట్టి ఎత్తు కూడా పెంచుకుంటూ పోవాలి, అదొక్కటే తంటా. చిన్నపిల్లలకి మాత్రం ఎంత ఎత్తెక్కించినా కనిపించరు. వాళ్ళ చూపు ఇంకా దగ్గర్లోనే తిరుగుతూ ఉంటుంది.

స్పేసర్లు పెట్టిన సాయంత్రం కౌశిక్ ఇంటికొచ్చి, షూస్ విప్పుతూ చెప్పాడు.

“అత్తయ్యా, అంకిత కనిపించింది.”

దమయంతి చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. “ఎక్కడ?”

“రూట్ ఫార్టీసిక్స్ మీద. రోడ్డు పక్కన నడుచుకుంటూ వెళ్తోంది.”

“తిన్నట్టుందా మొహం?”

“మొహం కనపడదండీ. అటు తిరిగి నడుస్తోంది.”

దమయంతి స్టవ్ కట్టేసి చీర సర్దుకుని కిందకి దిగింది. తనూ చూస్తానంది. ట్రక్కు తలుపు తీసి, పైనున్న హ్యాండిల్ పట్టుకుని, కుడికాలు లోపల పెట్టింది. ఎడంకాలు లేవలేదు. ఇరవై ఏళ్ళు కదిలే బస్సులో నిలబడి నిలబడి ఆవిడ మోకాళ్ళు ఎప్పుడో అరిగిపోయాయి. కింద నుంచి కౌశిక్, అవినాష్ చేతులు అందించారు. కాలు మధ్యలో పట్టేసింది. అటు ఎక్కలేక ఇటు దిగలేక, అంత మనిషీ తలుపుకి వేలాడుతూ ఉండిపోయింది. వాళ్ళిద్దరూ చచ్చీచెడీ దింపారు. మోకాలు వాచి, వారాల తరబడి మెట్లు కూడా దిగలేదు.

ఆ మోకాలి వాపు తగ్గేలోపు అంకిత ఇంకా దూరం వెళ్ళిపోయింది. కౌశిక్ ట్రక్కుని డోవర్‌లో ఎక్టర్ అనే మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళి, బండిని ఇంకా పైకి లేపే లిఫ్ట్ కిట్ వేయించాడు. ఇంకొన్నాళ్ళకి పెద్ద టైర్లు వేయించాడు. ఆ టైర్లు పట్టడానికి చక్రం మీద రేకు కోయించాడు. బండి ఎత్తు పెంచితే తప్ప కూతురు కనిపించదు, పెంచినకొద్దీ ఆ సీటు తల్లికి అందదు. దమయంతి ఈ సంగతి ఎవరితోనూ అనలేదు. కూతుర్ని చూస్తున్న అదృష్టం అల్లుడికైనా దక్కుతోంది కదా అని సర్దుకుంది. సర్దుకుందే గానీ, అతను సీట్లోకి ఎగబాకిన ప్రతిసారీ కడుపులో మంటగానే ఉండేది. తాళి కట్టినవాడికి కనిపిస్తుందిట, కన్నదానికి కనిపించదుట!

వేద సంగతి అడిగేవాళ్ళే లేరు. మొదట్లో ఆ పిల్ల తల ట్రక్కు తలుపు హ్యాండిల్‌కి అందేది. తరవాత తలుపు కిందకి వచ్చింది. ఇప్పుడు టైరు పక్కన నిలబడితే టైరే కాస్త ఎత్తు. “నాన్నా, నాన్నా” అని కింద నుంచి పిలుస్తుంది. డీజిల్ ఇంజన్ మోతలో ఆ పిలుపు పైకి చేరదు. సైకిల్ తొక్కడం నేర్చుకుంది, ముందు పన్ను ఊడింది, స్కూల్లో పాట పాడింది. అన్నిటికీ అమ్మమ్మే. కౌశిక్ చెడ్డవాడు కాదు. పిల్లకి కావలసినవన్నీ తెస్తాడు, తెచ్చి చేతిలో పెట్టి మళ్ళీ ట్రక్కెక్కుతాడు.

ఆకులు రాలే రోజులొచ్చాయి. దమయంతి వీసా అప్పటికే ఒకసారి పొడిగించారు, మళ్ళీ కుదరదన్నారు. టికెట్ బుక్ అయిపోయింది. ఆ రోజు రాత్రి అన్నాల దగ్గర ఆవిడ ఎన్నడూ లేనిది నోరు తెరిచి అడిగింది.

“బాబూ, మిమ్మల్ని నేనేమీ అడగలేదు ఇన్నాళ్ళూ. వెళ్ళేలోపు నా పిల్లని ఒక్కసారి చూపించండి. వెనక నుంచైనా సరే.”

కౌశిక్ కళ్ళెత్తి చూశాడు. అలా ఆవిడ వైపు సూటిగా చూసి చాలా కాలమైంది.

“ఇప్పుడున్న ఎత్తుకి చుక్కలా కనిపిస్తోందత్తయ్యా. ఇంకొంచెం లేపిస్తాను. మీరెక్కడానికి అవినాష్ నిచ్చెన తెస్తానన్నాడు. రెండు పక్కలా పట్టుకోడానికి రాడ్లుంటాయి. మెల్లగా ఎక్కిద్దాం.”

ఎక్టర్ ఈసారి స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు మొత్తం మార్చాడు. దొరికినవాటిలో అన్నిటికంటే పెద్ద టైర్లు బిగించాడు. బిగించి, ఇంత ఎత్తులో బంపర్ ముందు ఏముందో డ్రైవరుకి కనిపించదు, ఒక కెమెరా పెట్టించుకో అన్నాడట. తర్వాత చూద్దాంలే అన్నాడట కౌశిక్. దూరం కోసం ఇంత పాటు పడుతున్నవాడికి దగ్గరిది తర్వాత కాక మరేమిటి!

శనివారం పొద్దున్న ట్రక్కు లాట్ మధ్యలో నిలబడింది. అవినాష్ నిచ్చెన ఇచ్చి తన పని మీద వెళ్ళాడు. దమయంతి తలస్నానం చేసి, కూతురు కొనిపెట్టిన చీర కట్టుకుని, మనవరాలికి పట్టులంగా తొడిగి కిందకి తీసుకొచ్చింది. చేతిలో కొబ్బరికాయ, కర్పూరం, నాలుగు నిమ్మకాయలు.

“ఇవన్నీ ఎందుకత్తయ్యా?” అన్నాడు కౌశిక్.

“టైర్లు మారాయంటే బండి కొత్తదే బాబూ. నిమ్మకాయలు తొక్కించకుండా నేనెక్కను. డిపోలో టైరు మార్చినా తొక్కించేవాళ్ళం.”

కొబ్బరికాయ కొట్టింది. కర్పూరం వెలిగించి తిప్పింది. వంగితే లేవలేదు కాబట్టి నిమ్మకాయలు వేద చేతికిచ్చింది. వేద ఒక్కో టైరు దగ్గరికీ పరిగెత్తి ఒక్కో నిమ్మకాయ పెట్టి, వచ్చి అమ్మమ్మ వెనకాల నిలబడింది.

“పెట్టేశా అమ్మమ్మా. ఫోర్ కూడా.”

కౌశిక్ ఎగబాకి సీట్లో కూర్చున్నాడు. దమయంతి డ్రైవర్ తలుపు పక్కగా, నిచ్చెన రాడ్డు ఒక చేత్తో పట్టుకుని నిలబడింది. బండి రెండడుగులు కదిలి నిమ్మకాయలు తొక్కుతుంది, ఆగుతుంది, తను ఎక్కుతుంది, చూస్తుంది. అంతే కదా! ఆవిడ గుండె పెళ్ళిచూపుల నాటి పిల్ల గుండెలా కొట్టుకుంది.

“కనిపిస్తోందా బాబూ?”

పైన కిటికీలోంచి కౌశిక్ గొంతు వినిపించింది. “కనిపిస్తోందత్తయ్యా. ఈసారి బాగా కనిపిస్తోంది. జడ కూడా కనిపిస్తోంది.”

జడ కూడా! దమయంతి తలెత్తి ఆ కిటికీ వైపే చూస్తోంది. ఆవిడ ఉద్యోగం చేసినన్నాళ్ళూ బస్సు ముందూ వెనకా చూసుకోకుండా ఒక్కసారి కూడా రైట్ చెప్పలేదు. ఆ రోజు చెప్పింది.

“రైట్, పోనీ!”

ట్రక్కు జానెడు కదిలింది. కదిలి, నేలలోకి దిగిపోతుందేమోనన్నంత కుదుపుతో ఆగిపోయింది. నిచ్చెన పక్కకి పడింది.

“ఏమైంది బాబూ?”

కౌశిక్ మొహంలో నెత్తుటి చుక్క లేదు. “తిరిగింది. అత్తయ్యా, అంకిత వెనక్కి తిరిగింది. పరిగెత్తుకొస్తోంది. చేతులూపుతోంది. ఆపమంటోంది, ఎందుకో ఆపమంటోంది...”

దమయంతి వెనక్కి చూసింది. వేద ఉండాల్సిన చోట వేద లేదు.

మోకాళ్ళ సంగతి మర్చిపోయి ఆవిడ బండి ముందుకి పరిగెత్తింది. బంపర్ కింద, ఆ కొండంత టైరు ముందు, పిల్ల గొంతుక్కూర్చుని ఉంది. చేతిలో నిమ్మకాయ ఉంది. పట్టులంగా అంచు టైరు కింద ఉంది.

“లెమన్ రోల్ అయిపోయింది అమ్మమ్మా. మళ్ళీ పెడుతున్నా. నా లంగా స్టక్ అయ్యింది,” అంది వేద.

“ఇంజన్ కట్టెయ్! దిగు! బండి కదిపావంటే చంపేస్తాను!” అని అరిచింది దమయంతి. అల్లుణ్ణి ఆవిడ నువ్వు అనడం అదే మొదలు. లంగాని రెండు చేతులా పట్టుకుని చర్రున చింపి పిల్లని బయటికి లాగింది. తారు నేల మీదే కూలబడి, పిల్లని ఒళ్ళో అదుముకుని, “నేనే అన్నాను, రైట్ అని నేనే అన్నాను” అని అదే మాట అంటూ ఉండిపోయింది. కౌశిక్ పైనుంచి దూకి, పిల్ల తల, చేతులు, కాళ్ళు తడిమి చూసుకున్నాడు. తరవాత అక్కడే కూర్చుని ఏడ్చాడు. భార్యని తీసుకెళ్ళిన రోజు కూడా ఆ మనిషి అలా ఏడవలేదని చూసినవాళ్ళంటారు.

ఆ రోజు దమయంతి నిచ్చెనెక్కలేదు. ఎక్కమని ఎవరూ అనలేదు.

మర్నాడు కౌశిక్ ఒక్కడే వెళ్ళి చూసొచ్చాడు. ఈసారి దమయంతి అడక్కముందే చెప్పాడు.

“నడవట్లేదత్తయ్యా. నిన్న పరిగెత్తుకొచ్చి ఎక్కడ ఆగిందో అక్కడే నిలబడింది. ఇటే చూస్తోంది.”

ఆ మర్నాడూ అంతే. ఆ వారమంతా అంతే. పోయినవాళ్ళలో మిగతావాళ్ళు ఆమెని దాటుకుని వెళ్ళిపోతున్నారట. ముసలివాళ్ళు కూడా దాటిపోతున్నారట. పలకరించడానికి వచ్చిన అవినాష్ విని తల దించుకున్నాడు.

“మా బాపు సుత ఒకపారి గట్లనే ఆగిండు ఆంటీ. మనం చూసుకుంట కూసుంటె వాళ్ళు కదలరు. పిల్లల మీద బెంగ గద. నేను ట్రక్ ఎక్కుడే బంద్ పెట్టిన కొన్నాళ్ళు. అప్పుడు కదిలిండు.”

కౌశిక్ కూడా ఎక్కనని ఒట్టేసుకున్నాడు. ఒక్క రోజు ఆగాడు. రెండో రోజు తాళాలు తీసుకుని కిందకి వెళ్ళి, తల వంచుకుని తిరిగొచ్చాడు. బయట అప్పుడే మొదటి మంచు పడుతోంది.

“స్వెటర్ మీద మంచు పేరుకుంటోంది అత్తయ్యా,” అన్నాడు గుమ్మంలో నిలబడి. “దులుపుకోవట్లేదు. చేతులు రెండూ ఇలా ముందుకి చాపే ఉంచింది. ఆ రోజు ఎలా పెట్టిందో అలాగే.”

దమయంతి వేద వైపు చూసింది. వేద టేబుల్ దగ్గర కూర్చుని బొమ్మకి రంగు వేసుకుంటోంది. బతికినన్నాళ్ళూ ఆఫీసుకీ ఇంటికీ మధ్య పరిగెత్తి పరిగెత్తి పోయింది నా తల్లి, పోయాక కూడా దానికి మా కాపలానేనా అనుకుంది ఆవిడ.

“దించెయ్ బాబూ.”

“అత్తయ్యా...”

“బండి దించెయ్. నువ్వు చూడకుండా ఉండలేవు. నువ్వు చూసినంతకాలం అది కదలదు. ఆ చలిలో ఎంతకాలం నిలబెడతావు దాన్ని?”

కౌశిక్ గోడకి ఆనుకున్నాడు. నేల చూస్తూ అన్నాడు. “సరే. కానీ ముందు మీరు ఒక్కసారి చూడండి. నిచ్చెన ఇంకా ఇక్కడే ఉంది. ఇప్పుడు మొహం ఇటే ఉంది అత్తయ్యా. స్పష్టంగా కనిపిస్తోంది.”

మొహం! దమయంతి లేచింది. శాలువా కప్పుకుని, ఒక్కో మెట్టూ పట్టుకుని కిందకి దిగింది. కౌశిక్ నిచ్చెన తెచ్చి తలుపు దగ్గర నిలబెట్టి, గట్టిగా పట్టుకున్నాడు. ఆవిడ రాడ్లు పట్టుకుని ఒక మెట్టెక్కింది. మోకాలు కలుక్కుమన్నా పంటి బిగువున రెండో మెట్టెక్కింది. ఇంకో రెండు మెట్లెక్కి సీట్లో ఒరిగితే చాలు. ఫోన్లో నల్ల కోటు భుజం వెనక దాగిపోయిన ఆ మొహం, ఇన్నాళ్ళుగా కలలోకి కూడా రాని ఆ మొహం, మంచులో ఇటే చూస్తూ అక్కడ ఉంది. ఆవిడ అక్కడే ఆగింది. చల్లటి రాడ్డు మీద నుదురు ఆనించింది.

అలా ఎంతసేపుందో కౌశిక్‌కి తెలీలేదు. తరవాత ఆవిడ కాలు కిందకి వెతుక్కుంది. ఒక మెట్టు దిగింది. ఇంకో మెట్టు దిగింది.

“అత్తయ్యా?”

“నేను చూస్తే దించనివ్వను నాయనా,” అంది దమయంతి. “రా తల్లీ అంటాను. అది వచ్చేస్తుంది. కన్నతల్లి పిలిస్తే రాకుండా ఉంటుందా? వచ్చి ఎక్కడుంటుంది, ఇక్కడ దానికి చోటేది?”

నిచ్చెనని ఆవిడే మడిచి గోడకి చేర్చింది.

డోవర్‌లో ఎక్టర్ ఎందుకు ఏమిటి అని అడగలేదు. తనూ ఒకప్పుడు తమ్ముడి కోసం ఎత్తు పెంచి, తరవాత దింపుకున్నవాడేనట. ఆ స్ప్రింగులు విప్పాడు, టైర్లు విప్పాడు. ఎంతవరకు దించమంటావని అడిగితే, ఎంత దించగలిగితే అంత, మా అత్తగారు ఎవరి సాయం లేకుండా ఎక్కగలగాలి అన్నాడు కౌశిక్. షాపు ముందు ప్లాస్టిక్ కుర్చీలో దమయంతి మనవరాలిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, లోపల ఇనుము మీద ఇనుము పడుతున్న చప్పుడు వింటూ సాయంత్రం దాకా కూర్చుంది.

బండి బయటికొచ్చింది. అది మామూలు బండి కంటే కూడా పొట్టిగా ఉంది. వేద తలుపు తనే తీసుకుని, తనే ఎక్కి వెనక సీట్లో కూర్చుంది. దమయంతి కుడికాలు లోపల పెట్టింది. ఎడంకాలు దానంతటదే వచ్చేసింది. ముందు సీట్లో కూర్చుంది. ఇన్ని నెలల్లో ఆవిడ ఆ ట్రక్కులో కూర్చోవడం అదే మొదటిసారి.

కౌశిక్ పిల్ల బెల్టు సరిచూసి, బండి చుట్టూ ఒకసారి తిరిగొచ్చి, స్టార్ట్ చేశాడు. రూట్ ఫార్టీసిక్స్ మీదకి ఎక్కారు. వేద వెనక నుంచి స్కూల్ కబుర్లు చెబుతోంది. కౌశిక్ ఊఁ కొడుతున్నాడు, మధ్యలో ఏదో అడుగుతున్నాడు కూడా.

దమయంతి అద్దంలోంచి ముందుకి చూసింది. ఎదర ఒక మినీవ్యాన్ వెనక భాగం, దాని ఎర్ర లైట్లు, దాని మీద కరుగుతున్న మంచు. దాన్ని దాటి ఏమీ కనిపించలేదు. రోడ్డు పక్కన నడిచేవాళ్ళెవరూ లేరు. ఈపాటికి అంకిత చేతులు దించుకుని ఉంటుంది. భుజాల మీద మంచు దులుపుకుని, అటు తిరిగి నడక మొదలుపెట్టి ఉంటుంది. ఎంత దూరం వెళ్ళిందో చెప్పేవాళ్ళు ఇక ఎవరూ లేరు.